జైలు గుమ్మం బయట ఎవరున్నారు?

మన కోనసీమ నుంచి మద్రాసు వైపు రైల్లో వెళ్లే పెద్దవాళ్లకు ఒకప్పుడు ఒక అలవాటు ఉండేది. బండి బాపట్ల దాటగానే సామాన్లు కాళ్ల దగ్గరకు లాక్కునేవారు. ఆడవాళ్లను మెడలో గొలుసులు కొంగు కింద దాచుకోమనేవారు. ఎందుకంటే తర్వాత వచ్చే చిన్న స్టేషన్ పేరు స్టువర్టుపురం. ఆ పేరు వింటే అందరికీ దొంగలే గుర్తొచ్చేవారు. ఆ ఊరు ఎలా పుట్టిందో మాత్రం ఎవరూ అడిగేవారు కాదు. నిజానికి అది దొంగతనం మాన్పించడానికని పెట్టిన ఊరు. దాని వెనుక ఒక దైవసేవకుని జీవితం ఉంది. సాల్వేషన్ ఆర్మీ అనే రక్షణ సైన్యాన్ని మన దేశానికి తెచ్చిన ఫ్రెడరిక్ బూత్ టక్కర్ ఆయన.

ఆయన 1853 మార్చి 21న ఇప్పటి బీహార్‌లోని ముంగేరులో ఒక ఆంగ్లేయ ఉద్యోగి ఇంట పుట్టారు. ఇంగ్లండులో చదువుకున్నారు. 1875లో లండన్‌లో మూడీ దొర జరిపిన సువార్త కూటాల్లో ఆయన హృదయం మారింది. ఆ తర్వాత ఐ.సి.ఎస్. అధికారిగా పంజాబు వచ్చి, అసిస్టెంట్ కమిషనర్‌గా పనిచేశారు. అధికారం, పెద్ద జీతం, బంగళా, నౌకర్లు అన్నీ ఉన్నాయి. ఒకనాడు రక్షణ సైన్యం వారి పత్రిక చేతికొచ్చింది. లండన్ వెళ్లి విలియం బూత్ పరిచర్యను కళ్లారా చూశారు. 1881లో ఉద్యోగానికి రాజీనామా చేశారు.

1882 సెప్టెంబరు 19న ఆయన బొంబాయి రేవులో దిగారు. సైన్యం అన్న పేరు విని పోలీసులు పెద్ద దండు వస్తుందని ఎదురుచూశారనీ, ఓడ దిగింది నలుగురేననీ చెబుతారు. ఆయన కాషాయం కట్టి, చెప్పులు విడిచి, ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకున్నారు. పేదవాడి ఇంట పెట్టింది తిన్నారు. వీధుల్లో ఊరేగింపుగా పాటలు పాడుతూ వెళ్లడాన్ని అధికారులు సహించలేదు. 1883లో ఆయనకు జైలు శిక్ష పడింది. నిన్నటి దాకా తీర్పు చెప్పే కుర్చీకి దగ్గరగా ఉన్న మనిషి ఊచల వెనుక కూర్చున్నాడు. ఖైదీకి లోకం ఎలా కనబడుతుందో చూసినవాడే ఖైదీల కోసం ఏదైనా చేయగలడని మేము అనుకుంటాం.

సరిగ్గా ఆ సంవత్సరమే ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో రక్షణ సైన్యం ఒక కొత్త పని మొదలుపెట్టింది. శిక్ష ముగించుకుని వచ్చేవాడి కోసం జైలు గుమ్మం దగ్గర మనుషులు నిలబడేవారు. అతనికి తిండి పెట్టి, పడుకోవడానికి చోటు చూపించి, పని వెదికి పెట్టేవారు. పాత స్నేహితులు కలిసేలోగా కొత్త స్నేహితుడు కలవాలన్నదే అందులోని ఆలోచన. విడుదలైన మొదటి రోజుల్లో ఆకలి, అవమానం, ఒంటరితనం మనిషిని మళ్లీ పాత దారికే లాగుతాయి. ఈ సత్యాన్ని పండితుల కంటే ముందు ఆ వీధి సేవకులు గ్రహించారు.

టక్కర్ జీవితంలో దుఃఖాలు తక్కువేమీ కాదు. మొదటి భార్య 1887లో కలరాతో చనిపోయారు. మరుసటి ఏడాది విలియం బూత్ కుమార్తె ఎమ్మాను వివాహమాడి, ఆమె ఇంటిపేరును తన పేరులో కలుపుకున్నారు. 1896 నుంచి వారిద్దరూ అమెరికాలో పరిచర్య చేశారు. అక్కడ ఆయన పట్టణాల పేదలను పల్లెలకు తీసుకెళ్లి, భూమి ఇచ్చి కాలనీలు కట్టారు. 1903లో రైలు ప్రమాదం ఎమ్మాను కూడా తీసుకుపోయింది. అంత దెబ్బ తిన్న మనిషి 1907లో మళ్లీ భారతదేశానికే వచ్చారు.

అప్పటికి ఇక్కడ ఒక కఠిన చట్టం నడుస్తోంది. అది 1871 నాటి నేరస్థ జాతుల చట్టం. కొన్ని కులాలలో పుడితే చాలు, ఆ మనిషి దొంగేనని ప్రభుత్వం రాసుకునేది. 1911లో చట్టాన్ని మార్చి మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశారు. మన ఎరుకలవారు అందులో చిక్కుకున్నారు. వారి పాత వృత్తి ఏమిటో తెలుసా? కోస్తా నుంచి ఉప్పు, లోపలి సీమల నుంచి ధాన్యం ఎడ్ల మీద మోసుకెళ్లి అమ్మడం. రైళ్లు వచ్చాయి, ఉప్పు మీద ప్రభుత్వ పెత్తనం వచ్చింది, 1876–78 కరువులో పశువులు చచ్చాయి. బుట్టలల్లే వెదురు కోసం అడవికి వెళ్తే అటవీ చట్టం అడ్డొచ్చింది. బతుకు తెరువు పోయినవారిలో కొందరు తప్పుదారి పట్టారు. చట్టం మాత్రం అందరికీ ఒకే ముద్ర వేసింది.

బూత్ టక్కర్ ప్రభుత్వం ముందుకు ఇంకో మార్గం తెచ్చారు. నేరాన్ని రోగంలా చూసి నయం చేయాలి గాని, కొట్టి లాభం లేదన్నది ఆయన నమ్మకం. దాని మీద ఒక చిన్న పుస్తకం కూడా రాశారు. 1908లో గోరఖ్‌పూర్‌లో డోములనే జాతివారి కోసం మొదటి సెటిల్‌మెంట్ తెరిచారు. తర్వాత మద్రాసు ప్రభుత్వంలో హోం శాఖ చూసిన సర్ హెరాల్డ్ స్టువర్ట్ పేరిట, 1913–14 ప్రాంతంలో బాపట్ల దగ్గర స్టువర్టుపురం వెలిసింది. సాగుకు భూమి, మగ్గాలు, బడి, వైద్యం, ఆరాధన అన్నీ అక్కడ ఏర్పాటయ్యాయి. తర్వాతి రోజుల్లో చీరాల పొగాకు ఫ్యాక్టరీ పనికి కూడా అక్కడివారు వెళ్లారు.

ఇంతవరకు చెప్పి ఆపితే ఇది అందమైన సాక్ష్యం. కాని నిజాన్ని దాచిపెట్టిన సాక్ష్యం దేవునికి మహిమ తేదు. ఆ ఊళ్లో హాజరు పిలుపు ఉండేది. పాసు లేకుండా ఊరు దాటితే నేరం. తల్లిదండ్రుల నుంచి పిల్లలను వేరు చేసే అధికారం కూడా ఆ చట్టంలో ఉంది. శిక్ష పడి వచ్చినవాడూ, జీవితంలో పూచికపుల్ల దొంగిలించనివాడూ ఒకే కంచె లోపల ఉన్నారు. బూత్ టక్కర్ వారికి భూమి చూపించారు, పక్కన నిలబడే మనుషులను పంపించారు. కాని పుట్టుకను నేరంగా చూసిన ఆ చట్టాన్ని ఆయన ఎదిరించలేదు, దాని నీడలోనే పనిచేశారు. జైలు గుమ్మం బయట నిలబడాల్సిన సేవకులే కొంతమేరకు గుమ్మానికి కాపలాదారులయ్యారు. సేవ చేసే మనమందరం భయంతో గుర్తుంచుకోవలసిన సంగతి ఇది.

యెహెజ్కేలు గ్రంథం పద్దెనిమిదో అధ్యాయం తీసి చూడండి. తండ్రి దోషాన్ని కొడుకు లెక్కలో రాయనని దేవుడు అక్కడ తేటగా తెలియజేస్తాడు. దేవుడు రాయని లెక్కను ప్రభుత్వం రాసింది, సంఘం ఊరుకుంది.

బూత్ టక్కర్ 1919లో మన దేశం విడిచి, 1929 జూలై 17న లండన్‌లో కన్నుమూశారు. ఆ చట్టం మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. చట్టం పోయినా పేరు పోలేదు. పాత నేరస్థుల జాబితాలు, పోలీసుల నిఘా కొనసాగాయి. ఎక్కడ దొంగతనం జరిగినా ముందు ఆ ఊరి తలుపే తట్టేవారు. 1970వ దశకంలో గుర్రం జాషువా కుమార్తె హేమలతా లవణం ఆ ఊళ్లో అడుగుపెట్టి, నేరం విడిచిపెట్టేవారికి తోడుగా నిలిచారు. ఆమె మెట్టింది నాస్తికుడైన గోరా ఇంట. దేవుణ్ణి నమ్మని కుటుంబం ఆ పని చేస్తుంటే, నమ్మిన మనం రైల్లో గొలుసులు దాచుకుంటున్నాం. ఈనాడు ఆ ఊరి బిడ్డలు ఎందరో చదువుకుని ఉద్యోగాల్లో ఉన్నారు. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు, జైళ్ల నిబంధనల్లో కులాన్ని బట్టి మనిషికి ముద్ర వేసే రాతలు రాజ్యాంగానికి విరుద్ధమని తీర్పు ఇచ్చింది.

ఈ కథ మన కోనసీమకు ఎందుకంటారా? రాజమండ్రి సెంట్రల్ జైలు నుంచి పెరోల్ మీద మన ఊళ్లకూ మనుషులు వస్తుంటారు. పెరోల్ అన్నది ఫ్రెంచి మాట. దాని అర్థమే 'మాట'. తిరిగి వస్తానని ఇచ్చిన మాట మీద మనిషిని పంపడం అది. పెరోల్ అడిగినప్పుడు ఊళ్లో పరిస్థితి ఏమిటని పోలీసులు విచారిస్తారు. అంటే ఆ కాగితంలో అధికారి సంతకంతో పాటు, మన వీధి మాట కూడా ఉంటుంది.

కొన్నేళ్ల క్రితం గట్టు తగాదాలో శిక్ష పడిన ఒకతను తల్లి మరణానికి పెరోల్ మీద వచ్చాడు. ఆదివారం ఆరాధనకు వచ్చి ఆఖరి బల్ల మీద కూర్చున్నాడు. ఆ బల్ల మీదివారు ఒక్కొక్కరే లేచి ముందుకు జరిగారు. పుల్పిట్ మీద నుంచి మేము అది చూశాం. ఏమీ అనలేదు. అతని ఇంటికీ వెళ్లలేదు, రేపు వెళ్దాంలే అనుకున్నాం. గడువు ఇంకా ఒకరోజు ఉండగానే అతను జైలుకు తిరిగి వెళ్లిపోయాడని తర్వాత తెలిసింది. అతను ఇచ్చిన మాట నిలుపుకున్నాడు. చెరలో ఉన్నవారిని చూడాలని ప్రభువు చెప్పిన మాటను నిలుపుకోనిది మేమే.

పౌలు చెరసాలలో ఉండి ఫిలేమోనుకు రాసిన చిన్న ఉత్తరాన్ని మనం తరచు చదువుతాం. పారిపోయిన ఒనేసిమును దాసుడిగా కాక సహోదరుడిగా చేర్చుకోమన్నాడు. అతను ఏమైనా అచ్చి ఉంటే ఆ బాకీ తన లెక్కలో వేయమన్నాడు. అతనికి హామీగా నిలబడ్డాడు గాని, అతని మీద కాపలా పెట్టమనలేదు. బూత్ టక్కర్ జీవితంలో మనం తీసుకోవలసినదీ, విడిచిపెట్టవలసినదీ ఈ ఒక్క తేడాలోనే ఉన్నాయి.

చట్టాలు మార్చడం, పెరోల్ నిబంధనలు సరిచేయడం ప్రభుత్వం చేయాలి. అయితే వచ్చినవాడికి కొబ్బరి దింపుల్లోనో, వరి కోతల్లోనో ఒక రోజు పని ఇప్పించడానికీ, అతని పిల్లల్ని బడిలో ఎవరూ వెక్కిరించకుండా చూడటానికీ ఏ జీవో అక్కర్లేదు. ఈసారి మీ వీధికి అలాంటి మనిషి వస్తే, ఆదివారం దాకా ఆగకండి. ఆరాధనలో అతని బల్ల మీదే, అతని పక్కన కూర్చోండి. మేము కూడా ఈసారి పుల్పిట్ దిగి వచ్చి అక్కడే కూర్చుంటాం.