తుఫానులో ఆగని కీర్తన

జాన్ వెస్లీ ఆక్స్‌ఫర్డులో చదివి, గురువుగా అభిషేకం పొందినవాడు. అయినా ఆయనకు చావంటే వణుకు. 1736 జనవరిలో మిషనరీగా అమెరికాలోని జార్జియాకు వెళ్తుండగా ఓడ తుఫానులో చిక్కింది. అలలు ఓడను కప్పేశాయి, పెద్ద తెరచాప చీలిపోయింది. ఇంగ్లిషువాళ్లు కేకలు పెట్టారు. జర్మనీ నుంచి వస్తున్న మొరేవియన్ విశ్వాసులు మాత్రం పాడుతున్న కీర్తన ఆపలేదు. భయం వేయలేదా అని తర్వాత వెస్లీ అడిగితే, తమ స్త్రీలకూ పిల్లలకూ కూడా చావు భయం లేదన్నాడు వారిలో ఒకడు. బోధకుడికి లేని నెమ్మది ఆ పిల్లలకుంది! మావంటి పాస్టర్లకు గుచ్చుకునే సంగతి ఇది.

ఆ నెమ్మది ఆయనకు వెంటనే దొరకలేదు. జార్జియాలో సేవ ఫలించక, 1738లో ఇంగ్లండుకు తిరిగొచ్చాడు. మే 24 సాయంత్రం లండన్ ఆల్డర్స్‌గేట్ వీధి కూడికలో, రోమా పత్రికకు లూథర్ రాసిన ముందుమాట వింటుండగా, రక్షణకు క్రీస్తు ఒక్కడే చాలునన్న నమ్మకం హృదయంలో కుదిరింది. తర్వాత రాళ్లు రువ్వే మూకల మధ్యే సువార్త ప్రకటించాడు. 1791లో, 87వ ఏట, ప్రశాంతంగా కన్నుమూశాడు.