ఏ వైపు నుంచి ఎక్కాలి?

అమీర్‌పేట హాస్టల్లో ఉండే మా మేనకోడలు ఎవరెస్టు బేస్ క్యాంపుకి వెళ్తానంటోంది. నేపాల్ వైపైతే లుక్లా నుంచి వారం పైగా నడక. టిబెట్ వైపైతే బండి దాదాపు అక్కడిదాకా పోతుంది. ఏది మేలో తేల్చుకోలేక సతమతమవుతుంటే, పంజగుట్టకి బూట్లు కొనడానికి నడుస్తూ దానికి టెన్సింగ్ నార్గే కథ చెప్పాను.

1914లో పుట్టిన టెన్సింగ్ పెరిగింది ఎవరెస్టుకి దక్షిణాన, నేపాల్లోని ఖుంబూలో. అయినా ఇంటి ముందరి కొండని ఇంటివైపు నుంచి ఎక్కే వీల్లేదు. నేపాల్ విదేశీ బృందాల్ని రానివ్వలేదు మరి! డార్జిలింగ్ చేరి, 1935, 1936, 1938లలో బ్రిటిష్ వాళ్ల బరువులు మోస్తూ టిబెట్ వైపు నుంచే ప్రయత్నించాడు. (2014లో మన నిజామాబాద్ జిల్లా పిల్ల మాలావత్ పూర్ణ పదమూడేళ్లకే ఎక్కింది ఆ వైపు నుంచే. నేపాల్ వైపు పదహారేళ్లు నిండాలి.)

తర్వాత టిబెట్ తలుపు మూసుకుంది, నేపాల్ తలుపు తెరుచుకుంది. 1952లో స్విస్ బృందంతో శిఖరానికి చేరువగా వెళ్లి వెనుదిరిగాడు. ఆ ఏడాది చివర్లో జబ్బుపడ్డాడు. మళ్లీ వెళ్తానంటే భార్య ఆంగ్ లాము వద్దంది. అనదూ! మొదటి భార్య పోయాక ఆ ఇద్దరాడపిల్లల్నీ పెంచింది, గడవని రోజుల్లో ఆయాగా పనిచేసి ఇల్లు నడిపింది ఆవిడే.

అయినా వెళ్లాడు. 1953 మే 29న హిల్లరీతో కలిసి శిఖరం మీద నిలబడ్డాడు. చిన్నకూతురు నీమా ఇచ్చి పంపిన ఎరుపు-నీలం పెన్సిలుముక్కని అక్కడి మంచులో పెట్టి దిగివచ్చాడు.