మొరాయించని వేట తుపాకీకి ప్రాణం పోసిన బ్రౌనింగ్
19 ఏళ్ల వ్యాపార బంధాన్ని తెంచిన ‘ఆటో-5’ కథ

పేలిన ప్రతిసారీ ఖాళీ తూటాను తనంత తానే బయటకు నెట్టి, కొత్త తూటాను లోపలికి తీసుకునే వేట తుపాకీని నమ్మదగినదిగా తీర్చిదిద్దవచ్చునని తొలిసారి నిరూపించిన వ్యక్తి అమెరికా ఆయుధ శిల్పి జాన్ మోజెస్ బ్రౌనింగ్. ఆయన రూపొందించిన ‘ఆటో-5’ షాట్‌గన్ తయారీకి 1902లో ఒప్పందం కుదరగా, 1998 వరకు ఆ తుపాకీ ఉత్పత్తిలో కొనసాగింది. మధ్యలో రెండు ప్రపంచ యుద్ధాలు వచ్చిపోయినా దాని మూల నిర్మాణం మాత్రం మారలేదు.

బ్రౌనింగ్ 1855 జనవరి 23న యుటా ప్రాంతంలోని ఆగ్డెన్ పట్టణంలో జన్మించారు. తండ్రి జొనాథన్ కూడా తుపాకుల పనివాడే. తండ్రి దుకాణంలోని పాత ఇనుప సామాను మధ్య పెరిగిన బ్రౌనింగ్ చిన్ననాడే తుపాకుల మరమ్మతు నేర్చుకున్నారు. బాగుకోసం వచ్చే తుపాకులే ఆయనకు పాఠ్యపుస్తకాలయ్యాయి. ఏ భాగం ఎక్కడ అరుగుతుందో, ఎందుకు విరుగుతుందో, ఎప్పుడు మొరాయిస్తుందో ఆయనకు అనుభవపూర్వకంగా తెలిసింది.

1879లో ఒంటి తూటా రైఫిల్‌కు ఆయన తొలి పేటెంట్ పొందారు. సోదరులతో కలసి సొంత ఊరిలోనే ఆ రైఫిళ్లను తయారుచేయసాగారు. 1883లో వించెస్టర్ కంపెనీ ఉన్నతాధికారి థామస్ బెనెట్ ఆగ్డెన్ వచ్చి 8 వేల డాలర్లకు ఆ రైఫిల్ హక్కులు కొనుగోలు చేశారు. అది మొదలు బ్రౌనింగ్ నమూనాలు తయారుచేయడం, వించెస్టర్ వాటిని ఏకమొత్తానికి కొనుగోలు చేయడం ఆనవాయితీ అయింది. 1886, 1892, 1894 నమూనాల రైఫిళ్లు, 1897 నమూనా షాట్‌గన్ ఇలా వెలువడినవే. కొన్న నమూనాలలో అనేకం తయారీకి నోచుకోకపోయినా, అవి పోటీదారుల చేతికి చిక్కకుండా ఉండటమే కంపెనీకి లాభమైంది.

గడ్డి కదిలింది, ఆలోచన మెదిలింది

1889లో ఆగ్డెన్‌లో తుపాకీ పేల్చే పోటీని తిలకిస్తుండగా ఆయన దృష్టి గురిపై కాక పక్కనున్న గడ్డిపై పడింది. తుపాకీ పేలినప్పుడల్లా గొట్టం మూతి నుంచి వెలువడే వాయువుల తాకిడికి ఆ గడ్డి వంగిపోతోంది. వృథాగా పోతున్న ఆ శక్తితో తుపాకీనే నడిపించవచ్చునన్న ఆలోచన నుంచి ఆయన తొలి మరతుపాకీ పుట్టింది. ఆపైన ఆయన తన దృష్టిని వేట తుపాకీపైకి మళ్లించారు.

రైఫిల్ కన్నా షాట్‌గన్‌ను స్వయంచాలకం చేయడం కష్టతరమైన పని. ఒకే తుపాకీలో పిట్టలను కొట్టే తేలికపాటి తూటా నుంచి పెద్ద బాతులను కొట్టే బరువైన తూటా వరకు అన్నీ వాడతారు. ఒక్కొక్క దాని తన్ను ఒక్కొక్క తీరు. పైగా నాటి తూటాలకు కాగితపు తొడుగు ఉండేది. తడి తగిలితే అది ఉబ్బి గొట్టంలో ఇరుక్కునేది. తన్ను చాలకపోతే యంత్రం సగంలో ఆగిపోతుంది. మితిమీరితే భుజానికి ఆనించే చెక్క భాగం పగులుతుంది.

బ్రౌనింగ్ కనుగొన్న పరిష్కారం సులువైనది. ఆయన తుపాకీలో గొట్టమూ, దాని వెనుక భాగాన్ని మూసే బోల్టూ ఒకదానికొకటి బిగిసి, తూటా పొడవును మించిన దూరం కలిసి వెనక్కు జరుగుతాయి. తర్వాత గొట్టం ఒక్కటే ముందుకు వెళ్లగా ఖాళీ తూటా బయటపడుతుంది. చివరగా బోల్టు ముందుకు కదిలి కొత్త తూటాను లోపలికి నెడుతుంది. ఈ తాకిడికి కళ్లెం వేసేందుకు ఆయన రాపిడి కలిగించే ఉంగరాలను అమర్చారు. బరువైన తూటాలకు ఒక వరుసలో, తేలికపాటి వాటికి మరో వరుసలో వాటిని మార్చుకోవాలి. ఆ అమరిక తెలిసినవాడి చేతిలో తుపాకీ ఏళ్ల తరబడి మొరాయించదు. తెలియనివాడి చేతిలో అదే తుపాకీ తూటాను మింగనూ లేదు, కక్కనూ లేదు. యంత్రం నమ్మకం సగం తయారీలో, సగం వాడకంలో ఉంటుందనడానికి ఇది చక్కని నిదర్శనం.

రాయల్టీపై పట్టుదల

1900లో ఈ తుపాకీకి పేటెంట్లు లభించాయి. అంతవరకు ఏకమొత్తంతో సరిపెట్టుకున్న బ్రౌనింగ్ ఈసారి అమ్ముడైన ప్రతి తుపాకీపై రాయల్టీ కోరారు. బెనెట్ అంగీకరించలేదు. 1902లో 19 ఏళ్ల బంధం తెగిపోయింది. బ్రౌనింగ్ రెమింగ్టన్ కంపెనీని ఆశ్రయించారు. అక్కడ మాట్లాడేందుకు వేచివుండగానే దాని అధ్యక్షుడు మార్సెలస్ హార్ట్లీ గుండెపోటుతో మరణించిన వార్త అందింది. ఇక చేసేది లేక నమూనా తుపాకీతో సముద్రం దాటి, బెల్జియంలోని లీజ్ సమీపాన హెర్‌స్టాల్‌లో గల ఎఫ్.ఎన్. కర్మాగారానికి చేరుకున్నారు. అప్పటికే ఆయన పిస్తోలును తయారుచేస్తున్న ఆ సంస్థ షర్తులకు సమ్మతించింది. 1905 నుంచి రెమింగ్టన్ కూడా లైసెన్సుపై తయారీ చేపట్టి, 1947 నాటికి 8 లక్షలకు పైగా విక్రయించింది.

చేజార్చుకున్న వించెస్టర్‌కు ఆ పేటెంట్లే అడ్డుగోడలయ్యాయి. బ్రౌనింగ్ హక్కులను ఉల్లంఘించకుండా రూపొందించిన 1911 నమూనాలో బోల్టును లాగే పిడి లేదు. గొట్టాన్నే పట్టుకుని వెనక్కు నెట్టాలి. తూటా ఉబ్బి ఇరుక్కున్నప్పుడు కొందరు తుపాకీని నేలకు ఆనించి, మూతి తమవైపు ఉండగా గొట్టాన్ని కిందికి నెట్టి ప్రమాదాల పాలయ్యారు. 1925లో దాని తయారీ నిలిచిపోయింది.

ఆటో-5 నమ్మకం పక్షులకు శాపమైంది. ఐదు తూటాలు వరుసగా పేల్చగల ఇలాంటి తుపాకుల వల్ల బాతులు తరిగిపోతున్నాయన్న ఆందోళన నడుమ, వలస పక్షుల వేటలో మూడు తూటాలకు మించి పట్టే తుపాకులను వాడరాదని 1935లో అమెరికా ప్రభుత్వం నిబంధన విధించింది.

మొరాయించని గుణం యుద్ధరంగానికీ ఉపకరించింది. 1911 సైనిక పరీక్షలో ఆయన పిస్తోలు 6 వేల తూటాలను అంతరాయం లేకుండా పేల్చి అమెరికా సైన్యానికి ఎంపికైంది. 1914లో సారాయెవోలో ఆస్ట్రియా యువరాజు హత్యకు వాడినదీ ఆయన రూపొందించిన పిస్తోలే. ఆ హత్య మొదటి ప్రపంచ యుద్ధానికి దారితీసింది.

1926 నవంబరు 26న లీజ్ కర్మాగారంలో పనిలో ఉండగానే 71 ఏళ్ల వయసులో బ్రౌనింగ్ గుండె ఆగి మరణించారు. అప్పటికి ఆయన పేరిట 128 పేటెంట్లు ఉన్నాయి. అసంపూర్తిగా మిగిలిన జంట గొట్టాల వేట తుపాకీని కుమారుడు వాల్ పూర్తిచేశారు. ఆయన ఆరంభించగా సహచరుడు సేవ్ 1935లో ముగించిన పిస్తోలు నమూనా తర్వాతి కాలంలో భారత్ చేరి, పశ్చిమ బెంగాల్‌లోని ఈశాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో 9 ఎం.ఎం. పిస్తోలుగా తయారై సైన్యం చేతికి వెళ్లింది. ఆగ్డెన్ దుకాణంలో విరిగిన తుపాకులు బాగుచేసిన కుర్రవాడి పనితనం అంతదూరం ప్రయాణించింది.