తిట్టునే పత్రిక పేరుగా పెట్టిన రెట్టమలై శ్రీనివాసన్

1893 అక్టోబరులో మద్రాసు నుంచి ఒక తమిళ పత్రిక వెలువడింది. పేరు ‘పరయన్’. తమిళనాట అంటరానివాళ్లని ముద్రవేసిన ఒక కులం పేరది. ఊళ్లో అదే తిట్టు కూడా. నాలుగక్షరాలు నేర్చినవాళ్లు కులం దాచుకుని బతుకుతున్న రోజులవి. దాచుకున్నంత కాలం హక్కు అడగలేమన్నది సంపాదకుడు రెట్టమలై శ్రీనివాసన్ వాదన. ఆయన తోబుట్టువును పెళ్లాడిన అయోతీదాసు పండితులకు ఈ పేరు దారి నచ్చలేదు. మనం ఆది బౌద్ధులమన్నది ఆయన పట్టు. ఏ పేరుతో నిలబడాలన్న ఆ తగువు మన పల్లెల్లో ఇప్పటికీ తెగలేదు.

శ్రీనివాసన్ అంతకుముందు నీలగిరిలో దొరల కంపెనీల్లో లెక్కలు రాశారు. పత్రికను ఏడేళ్లు నడిపారు. ఐసీఎస్ పరీక్ష ఇండియాలోనూ పెట్టాలని కాంగ్రెస్ అడిగితే, వద్దంటూ 3,412 మంది సంతకాలతో బ్రిటిష్ పార్లమెంటుకు అర్జీ పంపించారు. దొర కుర్చీలో అగ్రకులపాయన కూర్చుంటే వాడకు ఒరిగేదేంటన్నది ఆయన భయం. దీన్ని దేశద్రోహం అనేవాళ్లు ఒకసారి వాడలో నిలబడి చూడాలి.

1900లో ఇంగ్లండుకని బయల్దేరి ఆఫ్రికాలో ఆగిపోయారు. నేటాల్ కోర్టులో దుబాసీగా పనిచేశారు. గాంధీతో పరిచయం అక్కడిదే. 1921లో తిరిగొచ్చారు.

1923లో మద్రాసు శాసనమండలి సభ్యుడయ్యారు. ఓట్లతో కాదు, ప్రభుత్వ నియామకంతో. అణగారిన కులాలకు అప్పట్లో సభలోకి దారి అదే. మరుసటి ఏడాది ఆయన పెట్టిన తీర్మానం సూటిగా ఉంది: ప్రభుత్వ రోడ్లు, వీధులు, బావులు, చెరువులు, ఆఫీసులు అందరివీ; మనవాళ్లను ఎవరూ అడ్డుకోకూడదు. సభ ఒప్పుకుంది. కోస్తా, రాయలసీమ అప్పుడు మద్రాసు కిందే కాబట్టి ఆ మాట మన మాలపల్లెకూ, మాదిగపల్లెకూ చెందింది. బావి దగ్గర చేద పట్టుకున్నవాడు మాత్రం గెజెట్ చదవలేదు.

1930, 31లలో లండన్ రౌండ్ టేబుల్ సమావేశాల్లో అంబేడ్కర్ పక్కన కూర్చున్నారు. 1932 పూనా ఒప్పందం మీద ఆయన సంతకమూ ఉంది. అంబేడ్కర్ మతం మారతానన్నప్పుడు మాత్రం విభేదించారు. మనం హిందువుల్లో ఎప్పుడున్నామని, బయటికి రావడానికి! 1945 సెప్టెంబరు 18న కన్నుమూసేదాకా ఆ మాట మార్చుకోలేదు.