హైదరాలీ దండు

మన సీమలోని గ్రామముల పేళ్లను పరికించువారికి పాళెమను పదము తఱచుగా కానవచ్చును. పాళెమనగా దండు విడిసిన చోటు. అట్టి పాళెమును పోషించుచు, ప్రభువు పిలిచినప్పుడు మనుష్యులను ఆయుధములను సమకూర్చుకొని యుద్ధమునకు పోవువాడు పాళెగాడు. పుంగనూరు సంస్థానమును, కుప్పము ప్రాంతమునందలి కంగుంది సంస్థానమును అట్టి పాళెగాండ్రవే. మదనపల్లెకు ఉత్తరమున గుఱ్ఱముకొండ దుర్గము నేటికిని నిలిచియున్నది. పదునెనిమిదవ శతాబ్దమున ఈ సీమనంతయు గడగడలాడించి, దండు నడపు విద్యయందు దక్షిణదేశమున తనకు సాటి లేడనిపించుకొన్నవాడు హైదరాలీ. అతని కత్తిని గూర్చిన కథలు పెక్కులు గలవు. అతని దండు ఏమి తిని బ్రదికెను, ఏ యెడ్లచే నడిచెను, ఆ తిండి ఎవరి ఇంటినుండి వచ్చెను అను విషయమును మాత్రము చెప్పువారు తక్కువ. మేమిందు దానినే ముఖ్యముగా తెలుపదలచితిమి.

హైదరాలీ 1720 ప్రాంతమున బూదికోటలో జన్మించెను. ఈ గ్రామము కోలారుసీమలో, కుప్పమునకు ఇంచుమించు 20 మైళ్ల దూరమున నున్నది. తండ్రియగు ఫతే మహమ్మదు సిరా సుబేదారు కొలువున సేనానాయకుడై యుండి, కుమారుడు పసివాడుగా నుండగనే యుద్ధమున మడిసెను. బాలునకు చదువబ్బలేదు. అక్షరజ్ఞానములేని యా లోపమును అసాధారణమైన జ్ఞాపకశక్తి తీర్చెను. మైసూరు కొలువున చేరి, 1749 సంవత్సరమున దేవనహళ్లి ముట్టడియందు పేరు గడించి, పిమ్మట దిండిగల్లునకు ఫౌజుదారుగా నియమింపబడెను. అచట ఫ్రెంచి పనివాండ్రను రప్పించి ఆయుధశాల నెలకొల్పెను. 1761 నాటికి మైసూరు రాజ్యాధికారమంతయు అతని హస్తగతమయ్యెను.

ఇతడు దిండిగల్లులో నున్నకాలమున జరిగిన యొక యుదంతమును విల్క్సు దొర తన మైసూరు చరిత్రమున వ్రాసియున్నాడు. గాయపడిన సిపాయిలకు ప్రభుత్వము వేతనమిచ్చుచుండుటచే, హైదరు గాయము లేనివారికిని పసుపు గుడ్డలు కట్టించి, లెక్క పెంచి సొమ్ము గైకొనెనట. ఇది మోసమే యనుటకు సందేహము లేదు. అయినను నిజముగా గాయపడినవారికి కొంత సొమ్ము ముట్టెననియు తెలియుచున్నది. తన్ను నమ్మినవానిని దండులో పస్తుండనీయరాదను సూత్రమును, సొమ్మెచ్చటినుండి తెచ్చినను తప్పు లేదను సూత్రమును, ఈ రెండును అతని జీవితాంతమువఱకు కలిసియే నడచినవి.

అధికారము దక్కినపిమ్మట కోటలను బాగుచేయించుటకు పూనుకొనెను. బెంగుళూరునందలి మట్టికోటను రాతికోటగా కట్టించెను. బళ్లారి కోటను ఫ్రెంచి శిల్పిచే కట్టించి, ప్రక్కనున్న కొండ కోటకంటె ఎత్తని పని ముగిసిన తరువాత తెలిసికొని, కోపముతో నా శిల్పిని ఉరితీయించెనని ఆ ప్రాంతమువారు చెప్పుకొందురు. ఆ కథ నిజమగునో కాదో గాని, కోట కట్టువాడు చుట్టునున్న నేలను ముందుగా చూడవలెనను నీతి దానియందు గలదు.

కోటలకంటెను అతనికి ముఖ్యమైనవి ఎడ్లు. ఫిరంగిని లాగునది ఎద్దు. మందుగుండును, గుడారములను, బియ్యపు పెరికెలను మోయునది ఎద్దు. మన పుంగనూరు పొట్టియావు పాడికి పేరొందినది. దండుకు వలసినది వడిగా నడచు జాతి. మైసూరు రాజులు పూర్వమునుండి బెన్నె చావడి యను పేర పశువుల మందలను పోషించుచుండిరి. హైదరు వానిని దండు పనికి వినియోగించెను. అతని కుమారుడగు టిప్పు ఆ శాఖకు అమృతమహలని పేరిడెను. 1781 జూను మాసమున చిదంబరమును రక్షించుటకై ఈ యెడ్ల బలముననే హైదరు రెండున్నర దినములలో 100 మైళ్లు నడిచెను. యుద్ధమున ఓడినప్పుడుసైతము తన ఫిరంగులను శత్రువుల కండ్లయెదుటనే తరలించుకొని పోగలిగెను.

1780 జూలైలో అతడు చెంగము కనుమగుండ కర్ణాటకమునకు దిగినప్పుడు వెంటనున్న సేన దాదాపు 90,000 అని చరిత్రకారుల యంచనా. ఎదుటి పక్షమున ఇంగ్లీషు సేనాని హెక్టరు మన్రో కంచియందుండెను. వానికి బియ్యము చాలదు, ఎడ్లు దొరకవు. సెప్టెంబరు 10వ తేదీన సమీపమందలి పొల్లిలూరువద్ద కర్నల్ బెయిలీ సేన నాశనమయ్యెను. మన్రో పెద్ద ఫిరంగులను లాగించుకొని పోవు మార్గము లేక, వానిని కోనేటిలో పడద్రోయించి వెనుకకు మరలెను. తిండియు ఎద్దులును లేని సేనకు ఫిరంగులే బరువయ్యెనని దీనివలన గ్రహింపవచ్చును.

అయితే తన దండుకు తిండి నిలుపుకొనుటయేగాక, శత్రువునకు తిండి దొరకకుండ చేయుటయు హైదరు యుద్ధవిద్యలో భాగము. అతని రౌతులు చెన్నపట్టణము చుట్టును, వేలూరు చుట్టును గ్రామములను తగులబెట్టిరి. పైరులు నాశనమయ్యెను. రైతులు పశువులను తోలుకొని అడవులపాలైరి. ఆ వెనుక వచ్చిన కఱవున వేలకొలది జనులు మడిసిరి. దండు కడుపు నిండిన చోట ఊరి కడుపు మాడినది.

ఈ సందర్భమున మఱియొక మహాశయుని స్మరింపవలసియున్నది. జర్మను దేశస్థుడైన ష్వార్జు ఫాదిరి 1779 సంవత్సరమున చెన్నపట్టణపు ప్రభుత్వము తరపున శ్రీరంగపట్టణమునకు రాయబారియై పోయెను. హైదరు ఆయన నిష్కాపట్యమును మెచ్చి, యుద్ధకాలమునసైతము ఆయనకు అడ్డు చెప్పవలదని తన వారికి ఆజ్ఞాపించెను. తరువాత తంజావూరు కోటలో తిండి లేక జనులు కూలుచుండగా, రైతులు ప్రభుత్వమును నమ్మి ఎడ్లనీయరైరి. పూర్వము వారికి రావలసిన సొమ్ము ముట్టలేదు. ష్వార్జు తానే సొమ్ము చెల్లింతునని మాటయిచ్చినంతనే ఎడ్లు వచ్చినవి. స్వల్పకాలముననే 80,000 కలముల ధాన్యము కోట చేరెను. మాటమీద వచ్చిన ధాన్యము ఏ యూరిని పాడుచేయలేదు.

1782 చివర హైదరు చిత్తూరునకు సమీపమున నరసింగరాయనిపేటయొద్ద విడిసియుండెను. వీపున రాచపుండు లేచి, డిసెంబరు 7వ తేదీన గుడారముననే మరణించెను. టిప్పు మలబారునందు దూరమున నుండెను. ప్రభువు మరణవార్త పొక్కిన దండు చెదరిపోవునని మంత్రులగు పూర్ణయ్య, కృష్ణారావులు దానిని మఱుగుపఱచిరి. శవమును పరిమళద్రవ్యములు నింపిన పెట్టెలో నుంచి, విలువగల సొత్తువలె కావలివాండ్రతో కోలారునకు పంపిరి. తెరలు దించిన పల్లకి యథావిధిగా దండుతో నడచెను. కుట్రకు యత్నించినవారు బంధింపబడిరి. 1783 జనవరి మొదటి దినములలో టిప్పు వచ్చి చేరువఱకు ఆ మహాసేన చెదరక నిలిచెను. హైదరు శవము పిమ్మట శ్రీరంగపట్టణమున సమాధి చేయబడెను.

యజమాని లేకయే మూడు వారములకు మించి నడచిన దండు, ఆ యజమాని దక్షతకు సాక్ష్యము. పాడుపడిన పల్లెలు అతని కాఠిన్యమునకు సాక్ష్యము. రెండింటిని కలిపి చూచినగాని ఆ జీవితము తెలియదు. విద్యార్థులారా, గుఱ్ఱముకొండవంటి దుర్గములను చూడబోయినప్పుడు గోడల ఎత్తును మాత్రమే కొలిచి తిరిగి రావలదు. ఆ గోడలవెనుక నున్నవారికి అన్నము పెట్టిన రైతెవ్వడో, అతనికి వెల ముట్టెనో లేదో, దానిని గూర్చియు ఆలోచింపుడు.