జిల్లాకు పేరైన వకీలు కొండా వెంకట రంగారెడ్డి

రావిర్యాల: మహేశ్వరం మండలం రావిర్యాల రైతు పట్టా కాగితం మీద, శంషాబాద్ విమానాశ్రయానికి వెళ్లే దారిలోని కార్యాలయాల బోర్డుల మీద నిత్యం కనిపించే జిల్లా పేరు ఒక వకీలుది. కొండా వెంకట రంగారెడ్డిని ఉప ముఖ్యమంత్రిగా ఎరిగినవారు ఉన్నారు, ప్రత్యేక తెలంగాణవాదిగా తలచుకునేవారూ ఉన్నారు. నల్లకోటు వేసుకున్న రంగారెడ్డిని తలచుకునేవారు తక్కువ. ఆయన రాజకీయమంతా కోర్టు గుమ్మం నుంచే మొదలైందన్నది మాత్రం నిజం.

1890 డిసెంబరు 12న నేటి మొయినాబాద్ మండలం పెదమంగళారంలో ఆయన జన్మించారు. ఆనాటి నిజాం రాజ్యంలో పాలన ఉర్దూలో సాగేది. దావా, జవాబుదావా, జిరహ్, ఫైసలా అన్నీ ఉర్దూలోనే. కక్షిదారు తెలుగు రైతు అయినా తన మిసిల్‌లో ఏమి రాశారో తాను చదువుకోలేడు. ఆ రాతకూ ఆ రైతుకూ నడుమ నిలిచే మనిషి వకీలు. వకాలత్ పరీక్షలో నెగ్గినవారికి దర్జాలను బట్టి సనదు దక్కేది, ఏ దర్జా వకీలు ఏ స్థాయి కోర్టు వరకు వాదించవచ్చునో దానిని బట్టే నిర్ణయమయ్యేది. ఉర్దూలో గట్టి పట్టు సాధించి రంగారెడ్డి హైదరాబాదులో వకాలత్ సాగించారు. 1920లో మూసీ ఒడ్డున హైకోర్టు కొత్త భవనం ప్రారంభమైన నాటికి ఆయన వయసు ముప్ఫైకి చేరువలో ఉంది.

హైదరాబాదు రాజ్యంలో ప్రజా ఉద్యమాలకు వకీళ్లే ముందు నిలవడం యాదృచ్ఛికం కాదు. సర్కారు నౌకరీలో ఉన్నవారు నోరు మెదపలేరు. జాగీరుదారు నీడలో బతికేవారి సంగతి చెప్పనక్కరలేదు. కొంతలో కొంత స్వతంత్రంగా బతకగలిగినవారు వకీళ్లు. 1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధని థియేటర్‌లో జరిగిన సంఘ సంస్కార సభలో తెలుగులో మాట్లాడబోయి అవహేళనకు గురైన ఆలంపల్లి వెంకటరామారావు వకీలే. ఆ అవమానం నుంచి పుట్టిన ఆంధ్ర జనసంఘాన్ని నడిపిన మాడపాటి హనుమంతరావు, మందుముల నరసింగరావు, బూర్గుల రామకృష్ణారావు కూడా అదే వృత్తివారు.

వారి పద్ధతి సైతం వకీలు పద్ధతే. సర్కారును ధిక్కరించే ముందు సర్కారు రాసుకున్న నియమాన్నే దాని ముందు పెట్టేవారు. వెట్టిచాకిరిని కట్టడి చేస్తూ ప్రభుత్వం జారీ చేసిన నిబంధనలు దస్త్రాల్లో మూలుగుతుంటే, వాటిని తెలుగులో అచ్చొత్తించి పల్లెలకు పంచారు. తనకు హక్కు ఉన్నదని తెలియని మనిషికి ఆ సంగతి తెలియజెప్పడమే ఒక ఉద్యమం. సభ జరపాలంటే గస్తీ నిషాన్ 53 కింద ముందుగా అనుమతి పొందవలసిన కాలమది.

ఇందులో ఒక చిక్కు ఉన్నదని ఒప్పుకోక తప్పదు. వకీలుకు దండిగా ఫీజు ఇవ్వగలిగినవాడు దేశ్‌ముఖ్, జాగీరుదారు. మహాసభ వేదికపై తీర్మానాలు చేయవలసి వచ్చింది వారి వెట్టిపైనే. పొద్దున ఒకరి వకాలత్‌నామా పుచ్చుకుని సాయంత్రం వారి దౌర్జన్యంపై మాట్లాడటం అప్పటి వకీళ్లందరి ముందూ నిలిచిన పరీక్ష. మితవాదులని వారిపై పడిన ముద్రకు మూలం కొంత ఇక్కడే ఉంది.

1936లో షాద్‌నగర్‌లో జరిగిన ఐదవ ఆంధ్ర మహాసభకు రంగారెడ్డి అధ్యక్షత వహించారు. 1943లో హైదరాబాదులో జరిగిన పదవ మహాసభ నాటికి వాతావరణం మారిపోయింది. బద్దం ఎల్లారెడ్డిని నిలిపిన వామపక్షంతో పోటీపడి ఆయన అధ్యక్ష పదవి గెలిచారు. గెలుపు ఆయనది, ఊపు అవతలి పక్షానిది. మరుసటి ఏడు భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షుడు కావడంతో మహాసభ రెండుగా చీలింది. దరఖాస్తుల కాలం ముగిసి సంఘాల కాలం వచ్చింది.

1948లో రజాకార్ల ఆగడాలు మితిమీరినప్పుడు వకీళ్ల సమాజానికి అసలు పరీక్ష ఎదురైంది. శాంతిభద్రతలు లేని రాజ్యంలో న్యాయస్థానంలో వాదించడమంటే ఆ ప్రభుత్వానికి సాక్షి సంతకం పెట్టడమేనని తలచి ఎందరో వకీళ్లు కోర్టులను బహిష్కరించారు. వినాయకరావు విద్యాలంకార్ ఆ నిరసనకు సారథ్యం వహించారు. కక్షిదారు పేషీ తేదీకి వచ్చి నిలబడితే వకీలు లేకపోవడం వృత్తి ధర్మమా, అధర్మమా అన్న ప్రశ్న తేలికైనది కాదు. ఆ సెప్టెంబరులో పోలీసు చర్యతో ఆ ప్రశ్నే లేకుండా పోయింది.

1952లో బూర్గుల మంత్రివర్గంలో రంగారెడ్డి చేరారు. 1955లో రాష్ట్రాల పునర్విభజన సంఘం తెలంగాణను కొంతకాలం విడిగా ఉంచి, 1961 ఎన్నికల తర్వాత శాసనసభ మూడింట రెండు వంతుల మెజారిటీతో ఒప్పుకుంటేనే ఆంధ్రతో కలపాలని సూచించింది. రంగారెడ్డి విలీనానికి వ్యతిరేకి. అయినా 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంపై సంతకం చేసినవారిలో ఆయన ఒకరు. తెలంగాణ తరఫున బూర్గుల, రంగారెడ్డి, ఆయన మేనల్లుడు మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు. ఆంధ్ర తరఫున బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు.

వకీళ్లు కూర్చుని రాసిన కాగితమని అది చదివితే తెలుస్తుంది. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వారైతే ఉప ముఖ్యమంత్రి రెండో ప్రాంతం వారు కావాలి. మంత్రివర్గంలో 60, 40 పాళ్లు. తెలంగాణ మిగులు ఆదాయం తెలంగాణకే. ఉద్యోగాలకు స్థానిక నివాసం. వ్యవసాయ భూముల అమ్మకాలపై ప్రాంతీయ మండలి అదుపు. పాలనలో, న్యాయస్థానాల్లో ఉర్దూ స్థానం ఐదేళ్లపాటు యథాతథం. గుంటూరు నుంచి ఇంగ్లీషు వాదనల హైకోర్టు తరలివస్తున్న వేళ, ఉర్దూలో బతికిన వకీళ్లకు ఈ చివరి షరతు జీవనాధారం.

అన్నీ రాశారు, ఒక్కటి లేదు. ఆ ఒప్పందాన్ని అమలు చేయించమని దావా వేయడానికి కోర్టు లేదు. తమసుకు మీద సంతకం లేకుండా రూపాయి అప్పు ఇప్పించని వృత్తివారు, ఒక ప్రాంతం భవితవ్యాన్ని మాట నమ్మకం మీద వదిలివేశారు. 1956 నవంబరులో రాష్ట్రం ఏర్పడగానే మొదటి షరతే తప్పింది. సంజీవరెడ్డి ఉప ముఖ్యమంత్రి పదవిని చేతికి ఆరో వేలితో పోల్చి పక్కన పెట్టారు. ప్రాంతీయ మండలి 1958లో రాష్ట్రపతి ఉత్తర్వుతో ప్రాంతీయ సంఘంగా వచ్చింది. 1959లో రంగారెడ్డి ఉప ముఖ్యమంత్రి అయ్యారు. 1962 వరకు ఆ పదవిలో ఉన్నారు. తాను సంతకం చేసిన షరతు ఆలస్యంగానైనా తన పేరిటే అమలు కావడం విశేషం. నిలబడలేదన్నది వేరే సంగతి.

1969 మార్చిలో, ఉద్యోగాల్లో తెలంగాణవారికి నివాస రక్షణ కల్పించిన 1957 నాటి కేంద్ర చట్టంలోని సెక్షన్‌ను సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఆందోళన భగ్గుమంది. చెన్నారెడ్డి తెలంగాణ ప్రజా సమితికి నాయకుడయ్యారు. ఎనభై ఏళ్లకు చేరువైన రంగారెడ్డి ప్రత్యేక రాష్ట్ర వాదనకు మద్దతుగా నిలిచారు.

1970 జూలై 24న ఆయన కన్నుమూశారు. ముల్కీ నిబంధనలు చెల్లుతాయని 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు వినలేదు. 1973 నాటి ఆరు సూత్రాల పథకంతో ఆ నిబంధనలూ, భూముల అమ్మకాలు తన పరిధిలో ఉన్న ప్రాంతీయ సంఘమూ కలిసి అంతరించడం చూడలేదు. కుమారుడు కొండా మాధవరెడ్డి ఆంధ్రప్రదేశ్, బొంబాయి హైకోర్టులకు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1978 ఆగస్టు 15న, చెన్నారెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా, హైదరాబాదు చుట్టూ ఉన్న పల్లెలను విడదీసి రంగారెడ్డి జిల్లాను ఏర్పాటు చేశారు. 2016లో వికారాబాద్, మేడ్చల్ జిల్లాలు వేరుపడ్డాక కూడా రావిర్యాల, పెదమంగళారం ఆయన పేరిటి జిల్లాలోనే ఉన్నాయి.