కార్నేలిసు డ్రెబ్బెలు

గిద్దలూరి యిండ్లలో గంపక్రింద కోడి పొదుగుట చూడనివారుండరు. ఇరువదియొక్క దినములు తన మేనివేడిమినే యది గ్రుడ్లకిచ్చును. ఆ కోడిపనిని మంటచేత చేయింపఁబూనిన కార్నేలిసు డ్రెబ్బెలు 1572లో హాలండునందలి ఆల్క్‌మారు పట్టణమున జన్మించెను. బాల్యమున గోల్ట్జియసు అను చిత్రకారునివద్ద రాగిరేకులపై బొమ్మలు చెక్కుట నేర్చి, పిదప నాంగ్లదేశమునకేఁగి మొదటి జేమ్సు రాజు నాశ్రయించెను. 1620 ప్రాంతమున థేమ్సు నదిలో నీటిలోపల నడచు నావను నడపి ప్రసిద్ధికెక్కెను. లోకము నావనే తలంచును. మాకు మాత్రము పొయ్యియే గొప్పదిగాఁ దోఁచుచున్నది.

మంటను సమముగా నుంచుట యెంత కష్టమో మన తల్లుల నడిగినఁ దెలియును. గ్రుడ్లకు సుమారు 38 డిగ్రీల వేడిమి వలయును. మించినఁ బిండము చచ్చును, తగ్గిన నెదుగదు. రేయంతయు కావలియుండు సేవకుఁడు కునికినచో నన్నియు వ్యర్థము. డ్రెబ్బెలు గ్రుడ్లపెట్టె చుట్టును నీరు నింపి, యందు సారాయముగల గొట్టము నుంచెను. (సారాయము గొట్టములో నున్నంతవఱకే మేలు!) వేడిమి హెచ్చినపుడు సారాయము వ్యాకోచించి పాదరసమును నెట్టును, దానిపైఁ దేలు కడ్డి లేచి పొగగూటి మూతను మూయును, గాలి తగ్గి మంట మందగించును. చల్లబడినచో మూత మరలఁ దెఱచుకొనును. కావలివాని పని తీఱెను.

అయిన నొక చిక్కు గలదు. మంట తగ్గినను నీరు వెంటనే చల్లబడదు. మూత మిక్కిలి చుఱుకుగాఁ గదలినచో వేడిమి ఉయ్యాలవలె నూఁగును. మిక్కిలి మందముగాఁ గదలినచో గుఱిని జేరకయే నిలిచిపోవును. దీనికి మందు మూఁడువందల యేండ్లకు దొరకెను. నేఁటి యంత్రములు గుఱికిని వేడిమికినిగల భేదమును, ఇంతవఱకుఁ బోగైన భేదమును, అది మాఱుచున్న వేగమును గూడ లెక్కించును. 1922లో మినోర్‌స్కీ ఓడల చుక్కానికై ఈ గణితమును వ్రాసెను. 1942లో జీగ్లరు, నికల్సు అనువారు మొదటి లెక్క నొక్కదానినే యుంచి, వేడిమి ఎడతెగక యూఁగువఱకు దాని బలమును బెంచి, యా బలమునుండియు ఊపు కాలమునుండియు మూఁటిని గుదుర్చు పద్ధతిని బ్రకటించిరి. మూఁడవ లెక్క అన్నిచోట్లఁ దగదు: ఆలస్యముగ మాఱు నీటివంటి దానికది యక్కఱకు వచ్చును గాని, కొలత యదురుచున్నచోఁ గీడే చేయును.

డ్రెబ్బెలు ఇవేవియు నెఱుంగఁడు. అంత్యకాలమున లండనులో బీరంగడి నడపుకొనుచు 1633లో బీదవాఁడుగా మరణించెను. అతని యల్లుండ్రగు కుఫ్లరు సోదరులు పిదపఁ గూడ నట్టి పొయ్యిలను జేయించుచుండిరి.